ఒడ్డున 7 ఎం.ఎం., అడుగున ఎంత?

మూసాపేటలో, మెట్రో పిల్లర్ల పక్కన మాది ఏసీల దుకాణం. ఇరవై మూడేళ్లుగా కాపర్ పైపులకు నల్ల ఫోమ్ స్లీవులు తొడగడమే పని. మార్చిలో ఎండలు ముదిరిన దగ్గర్నుంచి జూన్‌లో తొలకరి పడేదాకా మాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. అందుకని సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునిగే నా డైవింగ్ అంతా ఆ తర్వాతే. 2016 జనవరిలో, చలికి ఏసీలు మూలపడి బేరాల్లేని రోజుల్లో, అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్లి డైవింగ్ నేర్చుకున్నాను. అప్పటికింకా దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మారలేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక 3 ఎం.ఎం. వెట్‌సూట్, అంటే నీళ్లలో చలి ఆపే రబ్బరు సూట్, కొనుక్కొచ్చి దుకాణంలో బల్ల మీద పరిస్తే, మా పనికుర్రాడు వేలితో నొక్కి చూసి, "అన్నా, ఇది మన పైపుల మీద తొడిగే స్లీవే గదా, దీనికి గిన్ని పైసలు పెట్టినవా?" అన్నాడు.

వాడన్నదాంట్లో సగం నిజముంది. ఆ సగాన్ని నేను మూడేళ్ల తర్వాత గానీ అర్థం చేసుకోలేదు. అర్థమయ్యేసరికి అమెరికాలో, జూలై నెలలో, పళ్లు టకటక కొట్టుకుంటూ పడవ అంచు పట్టుకుని ఉన్నాను.

మునిగిన ఓడల మీద దిగడానికి ఎంత మందం వెట్‌సూట్ కావాలన్నదే ఇక్కడి విషయం. ఆ వణుకు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇది చదివే మీరు కూడా సరిగ్గా అదే తప్పు చేయడానికి సిద్ధంగా ఉండొచ్చు. మనవాళ్లకు ఎడిసన్‌లో అక్కో, డాలస్‌లో అన్నో ఉండటం, వేసవిలో అటు వెళ్లడం, వెళ్లినప్పుడు "ఇక్కడ మునిగిన ఓడలున్నాయట" అని తెలియడం పెద్ద వింతేం కాదు. 2019 జూలైలో నాకూ అలాగే తెలిసింది. న్యూజెర్సీ తీరానికి దూరంగా మోహాక్ అనే ప్రయాణికుల ఓడ పడి ఉంది. 1935 జనవరిలో టాలిస్మన్ అనే నార్వే ఓడను ఢీకొని మునిగింది. ఇప్పుడు సుమారు 24 మీటర్ల లోతులో, ఓడ ఆకారం పోయి, ఇనప రేకుల గుట్టలా ఉంటుంది. పడవ మీద బయట ఎండ బాగానే ఉంది. నీళ్లలో చెయ్యి పెట్టి చూశాను, మన ఈతకొలను కంటే కాస్త చల్లన, అంతే. పడవ మనిషి నా సూట్ వైపు చూసి, "పైన డెబ్బై ఆరు, కింద యాభై రెండు, 7 ఎం.ఎం. అద్దెకుంది, వేసుకుంటావా?" అని అడిగాడు. ఫారెన్‌హీట్ లెక్కలు నా బుర్రకెక్కవు. మొదటి అంకె విన్నాను, రెండోది వదిలేశాను. పైగా, రోజూ కోల్డ్ స్టోరేజీల్లోకి దూరి పని చేసేవాణ్ణి, నాకు చలి ఏంటి అన్న పొగరు ఒకటి.

తాడు పట్టుకుని దిగుతున్నాను. 10 మీటర్ల దాకా హాయిగా ఉంది. 12, 13 మీటర్ల దగ్గర నీళ్లు వేడి రోడ్డు మీద గాలిలా మసకమసకగా వణికాయి. ఆ మసక దాటగానే ఎవరో కోల్డ్ స్టోరేజీ తలుపు తీసి లోపలికి తోసినట్టయింది. ఊపిరి ఒక్కసారి బిగుసుకుంది. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో 24 డిగ్రీలున్న అంకె కాసేపట్లోనే 11కి దిగింది. యాభై రెండు ఫారెన్‌హీట్ అంటే ఇదీ. ఓడ మీద తొమ్మిది నిమిషాలున్నాను. చూసిందేమీ గుర్తులేదు, టార్చి బటన్ నొక్కడానికి బొటనవేలు మాట వినకపోవడం మాత్రం గుర్తుంది. ఆ కాసేపట్లోనే సగం గాలి అయిపోయింది. పైకొచ్చాక పడవలో కూర్చున్న మా బావ తువ్వాలు అందిస్తూ, "ఏం బామ్మర్దీ, ఏసీ ఎక్కువైందా?" అన్నాడు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తే మొదటి మాట అదే.

కాబట్టి మొదటి పని ఇది. వెట్‌సూట్ మందం ఎంత కావాలని ఎవర్నీ అడక్కండి. ఓడ పడి ఉన్న లోతులో నీళ్లు ఎన్ని డిగ్రీలని అడగండి. ఆ అంకె దొరికేదాకా డబ్బు తీయకండి.

ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది

ఫోన్లో "సముద్రపు ఉష్ణోగ్రత" అని వెతికితే వచ్చేది పైనీటి లెక్క. ఉపగ్రహం చూసేది సముద్రం చర్మాన్నే, దాని కడుపులోకి కాదు. తీరం దగ్గర తేలుతూ కొలతలు పంపే బోయాల్లో చాలావరకు చెప్పేదీ పైమాటే. బీచ్‌లో స్నానం చేసేవాళ్లకు అది చాలు, మనకు చాలదు. మనకు కావలసిన అంకె గత వారం అదే ఓడ మీద దిగివచ్చినవాళ్ల చేతి కంప్యూటర్లలో ఉంటుంది. ప్రతి డైవ్‌లోనూ తగిలిన అతి తక్కువ ఉష్ణోగ్రతను అది రాసిపెట్టుకుంటుంది. పడవవాళ్లకు ఫోన్ చేసి, "పోయిన వారం అడుగున ఎంతుంది, వెచ్చని పొర ఎన్ని మీటర్ల దాకా ఉంది" అని రెండే ప్రశ్నలు అడగండి. పని తెలిసినవాళ్లయితే తడుముకోకుండా చెప్తారు. "సమ్మర్ కదా సార్, బాగుంటుంది" అంటే ఇంకొకర్ని అడగండి.

పైన వేడి, కింద చలి ఎందుకుంటాయో ఒక్కమాట. వెచ్చని నీరు తేలిక, చల్లనిది బరువు. చలికాలంలో చల్లబడ్డ నీరు అడుగున ఉండగానే, ఎండలు వచ్చి పైన ఒక వెచ్చని మూత వేస్తాయి. ఆ మూత కింద చలికాలం అలాగే చిక్కుకుపోతుంది. న్యూజెర్సీ తీరంలో ఈ నీటికి కోల్డ్ పూల్ అని పేరే ఉంది. శరదృతువులో తుపానుగాలులు వచ్చి కలియబెడితే గానీ అది పోదు. అందుకే అక్కడ సెప్టెంబరు చివర, అక్టోబరులో పైన చల్లబడుతున్నా అడుగు మాత్రం వెచ్చబడుతుంది. దసరా సెలవులకు వెళ్లేవాళ్లు నాకంటే అదృష్టవంతులు.

అదే దేశంలో అదే జూలైలో ఇంకాస్త దక్షిణానికి, నార్త్ కరోలినాకు వెళ్తే లెక్క తారుమారవుతుంది. అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం తీరానికి దగ్గరగా పోతుంది. 1942 మే 9న మునిగిన యు-352 అనే జర్మన్ జలాంతర్గామి అక్కడ దాదాపు 35 మీటర్ల లోతులో ఉంది. వేసవిలో ఆ అడుగున కూడా 25 డిగ్రీల చుట్టుపక్కల దొరుకుతుంది. అక్కడ 3 ఎం.ఎం. వేసుకుని నవ్వుతూ తిరిగొచ్చినవాడి సలహా విని న్యూజెర్సీలో దిగితే నా గతే.

వేసవి అన్న మాటనూ నమ్మకండి. బాలిలో తులాంబెన్ ఒడ్డున లిబర్టీ అనే ఓడ ఉంది. 1942లో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే ఒడ్డుకు లాక్కొచ్చి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది జారి నీళ్లలోకి వెళ్లింది. ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, దాదాపు 30 మీటర్ల దాకా ఉంటుంది. పాస్‌పోర్టు మీద మొదటి ముద్ర పడ్డ హైదరాబాదీలు చాలామంది వెళ్లేది అక్కడికే. జూలై, ఆగస్టుల్లో అక్కడి నీళ్లు మిగతా నెలలకంటే చల్లబడతాయి. ఏప్రిల్‌లో 3 ఎం.ఎం. సరిపోయినవాడికి ఆగస్టులో 5 కావాల్సి రావచ్చు. ఆస్ట్రేలియాలో 1911లో మునిగిన యొంగాలా ఓడ దగ్గరికైతే వాళ్ల వేసవి అంటే మన సంక్రాంతి.

మన తీరం కూడా అమాయకురాలు కాదు. విశాఖ దగ్గర వేసవి మొదట్లో నైరుతి గాలులు పైనీటిని లోపలి సముద్రంలోకి నెట్టేస్తే, ఆ ఖాళీలోకి అడుగు చల్లనీరు పైకి వస్తుంది. మే ఎండలో ఆర్కే బీచ్ ఇసుక కాళ్లు కాలుస్తుంటే, నీళ్లు మాత్రం మనం అనుకున్నదానికంటే కొన్ని డిగ్రీలు తక్కువుండొచ్చు. విశాఖ అనగానే అందరూ అడిగే 1971 నాటి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి మాత్రం మర్చిపోండి. అది మనలాంటివాళ్లు దిగే లోతు కాదు, పైగా అది సమాధి. గోవాలో వానాకాలం పడవలు ఆగిపోతాయి, కాబట్టి ఆ నెలల్లో అక్కడ సూట్ గురించి ఆలోచించే పనే లేదు.

లేబుల్ మీది అంకె ఒడ్డున నిజం

ఇప్పుడు మా కుర్రాడన్న సగం నిజం. వెట్‌సూట్ రబ్బరు నియోప్రీన్, మా పైపు స్లీవు నైట్రైల్. జాతి వేరు, సూత్రం ఒకటే. రెండింట్లోనూ వేడిని ఆపేది రబ్బరు కాదు, అందులో మూసుకుపోయిన చిన్నచిన్న గ్యాసు బుడగలు. వేడిని లాక్కుపోవడంలో నీరు గాలికంటే సుమారు 25 రెట్లు చురుకు. మధ్యలో ఈ బుడగల గోడ లేకపోతే 27 డిగ్రీల నీళ్లలో కూడా గంటసేపటికి వణుకొస్తుంది.

"సూట్‌లోకి దూరిన నీళ్లు ఒంటివేడికి వెచ్చబడి మనల్ని కాపాడతాయి" అని క్లాసుల్లో చెప్తుంటారు. సగమే. ఆ నీళ్లు కాపాడవు, మన వేడితో కాగుతాయి. ఒకసారి కాగినవి కదలకుండా ఉంటే నష్టం ఆగుతుంది, అంతే. నడుము దగ్గర ప్రతి కాలి ఊపుకీ పాత నీళ్లు పోయి కొత్త చల్లనీళ్లు వస్తుంటే, తలుపు తీసిపెట్టి ఏసీ నడుపుతున్నట్టే.

మా పనిలో కొత్తవాళ్లు చేసే తప్పొకటుంది. ఫోమ్ స్లీవు మీద కేబుల్ టై గట్టిగా బిగించేస్తారు. టై కింద ఫోమ్ నలిగిపోతుంది, వారం తిరక్కుండా సరిగ్గా అక్కడే చెమట పట్టి ఫాల్స్ సీలింగ్ మీద మరక పడుతుంది. కస్టమర్ ఫోన్. సముద్రం మీ సూట్‌కి చేసేది ఇదే, ఒక్కచోట కాదు, ఒళ్లంతా. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనదానికి రెండింతలు, 20లో మూడింతలు, 30లో నాలుగింతలు. స్వేచ్ఛగా ఉన్న బుడగ అయితే 30 మీటర్లలో నాలుగో వంతుకు నలిగిపోవాలి. రబ్బరు కొంత ఎదురు తన్నుతుంది కాబట్టి సూట్ అంత నలగదు, కానీ మందం సగానికి దగ్గరగా పోతుందనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు. ఒడ్డున 7 ఎం.ఎం. అని అచ్చు వేసి ఉన్నది మోహాక్ లోతులో 4 చిల్లరలా పనిచేస్తుంది. నా 3 ఎం.ఎం. అక్కడ బనియను.

పగడపు దిబ్బల మీద 10, 12 మీటర్లలో తిరిగేవాడికి ఈ లెక్క పెద్దగా అక్కర్లేదు. మునిగిన ఓడలు ఎక్కువగా 20, 30 మీటర్ల మధ్య ఉంటాయి, అందుకే రెక్‌కి, అంటే మునిగిన ఓడకి, సూట్ లెక్క వేరు. పైగా ఓడ దగ్గర మనం ఈదేది తక్కువ. తాడు పట్టుకుని దిగడం, రేకుల మధ్య ఒకచోట నిలబడి చూడటం, మళ్లీ పైకొస్తూ, భద్రత కోసం, తాడు మీద 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు వేలాడటం. ఒళ్లు కదలకపోతే వేడి పుట్టదు.

ఇంకొకటి. సూట్ వయసు. ఎన్నో డైవ్‌ల ఒత్తిడికి బుడగలు పగిలి ఫోమ్ శాశ్వతంగా పలచబడుతుంది. న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చాక నా సూట్‌ని దుకాణంలో వర్నియర్‌తో కొలిస్తే 3 ఉండాల్సిన చోట, భుజాల దగ్గర, 2.4 వచ్చింది. సెకండ్ హ్యాండ్ సూట్ కొనేటప్పుడు వీపు, భుజాలు, మోకాళ్ల దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. పాత పరుపులా నలిగి లేవకుండా ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఇక మందం

నేను వాడే లెక్క చెప్తాను. నాది 62 కిలోల బక్క శరీరం, చలి తొందరగా ఎక్కుతుంది, అది మనసులో పెట్టుకుని చదవండి.

అడుగున 28 డిగ్రీలు, ఆ పైన ఉంటే చలికోసం పలచని లైక్రా కూడా చాలు. కానీ ఓడ మీదికి మోకాళ్ల దాకా ఉండే పొట్టి సూట్ వేసుకోను. తుప్పు పట్టిన రేకు అంచు బ్లేడులా ఉంటుంది, దాని మీద పెరిగే హైడ్రాయిడ్లు, ఫైర్ కోరల్ అనే కుట్టే సముద్రజీవులు తగిలితే దురదగొండి ఆకు తగిలినట్టే. కాబట్టి చలి లేకపోయినా ఒళ్లంతా కప్పే 3 ఎం.ఎం. 24 నుంచి 27 దాకా కూడా 3 నడుస్తుంది, కానీ 25 మీటర్లు దాటితే, లేదా రోజుకు మూడు డైవ్‌లుంటే 5కి మారతాను. 20 నుంచి 23 దాకా 5, దాంతోపాటు తలకు హుడ్. 15 నుంచి 19 అయితే 7, హుడ్, గ్లవ్స్, బూట్లు. 10 నుంచి 14 మధ్యలో ఒంటిపొర 7 కూడా నాకు చాలదు. ఛాతీ మీద రెండు పొరలు పడే రెండు ముక్కల 7 ఎం.ఎం. కావాలి, లేదా మెడ, మణికట్టు, చీలమండల దగ్గర గట్టిగా మూసుకునే సెమీడ్రై. 10కి దిగువన వెట్‌సూట్ మాటే ఎత్తను. అది నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్ రాజ్యం, దానికి వేరే శిక్షణ ఉంది. తెలిసినవాడి దగ్గర నేర్చుకోకుండా వేసుకుంటే గాలి కాళ్లలోకి చేరి తలకిందులుగా పైకి తన్నేస్తుంది.

రెండు మందాల మధ్య ఊగిసలాడితే మందమైనదే తీసుకోండి. వేడెక్కితే మెడ దగ్గర లాగి కాసిని నీళ్లు లోపలికి వదులుకోవచ్చు. చలి వేస్తే అడుగున చేయగలిగింది ఏమీ లేదు, పైకి రావడం తప్ప.

సూట్ మీద 5/4 అనో 5/4/3 అనో రాసుంటే మొదటి అంకె ఛాతీ, వీపుల మందం, తర్వాతవి చేతులు, కాళ్లవి. కీళ్లు సులువుగా వంగడానికి అక్కడ పలచగా పెడతారు.

హుడ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు దాన్ని అసలు పట్టించుకోరు. ఒంటివేడిలో సగం తలలోంచే పోతుందని ఒక మాట తిరుగుతుంటుంది. అంత లేదు. కానీ చలికి చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుని వేడిని దాచుకుంటాయి, నెత్తి మీదవి అంతగా ముడుచుకోవు. అందుకే అక్కడ నష్టం ఆగదు. 5 ఎం.ఎం. సూట్ ఉన్నవాడు 7 కొనే ముందు 3 ఎం.ఎం. హుడ్ ఉన్న లోపలి చొక్కా ఒకటి కొని చూడాలి. చౌక, బ్యాగులో చోటు తక్కువ, మెడ వెనక నుంచి వీపు మీదికి కారే ఆ చల్లని ధార పూర్తిగా ఆగిపోతుంది. నాకైతే 2 ఎం.ఎం. మందం కంటే అదే ఎక్కువ పనిచేసింది.

గ్లవ్స్ వేసుకునే ముందు అక్కడి నియమం కనుక్కోండి. కొన్ని సముద్ర రక్షిత ప్రాంతాల్లో గ్లవ్స్ నిషేధం, వేసుకుంటే అన్నీ పట్టుకుంటారని.

సరిపోని 7 కంటే సరిపోయిన 5 మేలు

ఇది దర్జీ దగ్గర చొక్కా కొలతలా కాదు. "కొంచెం లూజుంచు మాస్టారూ" అన్న మాట ఇక్కడ పనికిరాదు. వేసుకుని, జిప్పు పెట్టి, గొంతుక్కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి. తర్వాత అద్దంలో పక్కకు తిరిగి నడుము వెనక చూడండి. అక్కడ దోసిలి పట్టేంత ఖాళీ కనిపిస్తే చల్లనీళ్లకు చెరువు తవ్విపెట్టినట్టే. చంకలు, గజ్జలు, మెడ కూడా చూడండి. మెడ దగ్గర బిగువుగా ఉండాలి కానీ తల తిరిగేంత బిగువు కాదు. మెడ పక్కన రక్తనాళాల మీద అతిగా నొక్కితే నిజంగానే కళ్లు తిరుగుతాయి. ఊపిరి నిండా పీల్చినప్పుడు ఛాతీ అడ్డుపడకూడదు. మనవాళ్లలో చాలామందికి ఛాతీ కొలత ఒక సైజు, పొట్ట ఇంకో సైజు. బిర్యానీ ఊరు, ఏం చేస్తాం. పొట్టకోసం పెద్ద సైజు తీసుకుంటే భుజాలు వదులవుతాయి. పొడవు, పొట్టి రకాలు దొరికే కంపెనీ చూసుకోండి.

కుట్లు తిరగేసి చూడండి. అడ్డంగా దారాలు రెండు పక్కలా కనిపించే ఫ్లాట్‌లాక్ కుట్టు సూది కన్నాల్లోంచి నీళ్లు వదులుతుంది. వెచ్చని నీళ్ల 3 ఎం.ఎం.కి ఫర్వాలేదు. చల్లని నీళ్ల 5, 7కి మాత్రం ముందు గమ్ పెట్టి అతికించి, సూది అవతలికి దిగకుండా కుట్టిన బ్లైండ్‌స్టిచ్ ఉండాలి. పైపు ఫోమ్‌కి జాయింట్లు టేపు వేయకుండా వదిలేస్తే ఎంత మందం తొడిగినా చుక్కలు పడుతూనే ఉంటాయి, ఇదీ అంతే.

తొడుక్కునేటప్పుడు పాదానికి ఒక ప్లాస్టిక్ కవరు చుట్టుకుంటే కాలు జర్రున జారుతుంది. నూనెలు, వాసెలిన్ రాయొద్దు, రబ్బరు పాడవుతుంది.

బరువు లెక్క మారుతుంది

మందం పెంచితే తేలడం పెరుగుతుంది. 3 ఎం.ఎం.తో నాకు నడుముకు 3 కిలోల సీసం చాలు. రెండు ముక్కల 7, హుడ్‌తో సముద్రంలో 9 కావాల్సి వచ్చింది. ఇక్కడ ప్రమాదం దాక్కుని ఉంది. దిగుతున్నకొద్దీ సూట్ నలుగుతుంది, నలిగినకొద్దీ తేలే గుణం పోతుంది, సీసం మాత్రం అలాగే ఉంటుంది. అడుగుకి రాయిలా పోకుండా బీసీడీలోకి, అంటే గాలి నింపుకునే జాకెట్టులోకి, కొంచెం కొంచెంగా గాలి కలుపుతూ దిగాలి. పైకి వచ్చేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. సూట్ ఉబ్బుతుంది, బీసీడీలో గాలీ ఉబ్బుతుంది, వదలకపోతే ఎగదన్నుతుంది. అల్యూమినియం సిలిండరైతే డైవ్ చివరికి గాలి ఖర్చయి అదీ తేలడం మొదలెడుతుంది.

అందుకే బరువు సరిచూసుకోవాల్సింది సిలిండర్లో గాలి ఒత్తిడి 50 బార్‌కి దిగినప్పుడు. బీసీడీ ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపితే నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఇది ఇక్కడి ఈతకొలనులో చేసి చూసుకుంటే, సముద్రంలో ఇంకో రెండు, రెండున్నర కిలోలు కలుపుకోండి. ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుంది. కొత్త మందం సూట్‌తో మొదటి డైవే 30 మీటర్ల ఓడ మీద చేయకండి. ముందు ఒకటి 10, 12 మీటర్లలో.

పడవ మీద ఎండ

దీన్ని ఎవరూ చెప్పరు. ఎర్రసముద్రంలో థిసిల్‌గోర్మ్ అనే ఓడ ఉంది. 1941 అక్టోబరు 6న జర్మన్ విమానాల బాంబులకు మునిగింది, లోపల మోటారు సైకిళ్లు, లారీలు ఇప్పటికీ వరసగా ఉంటాయి. అడుగు 30 మీటర్లు. ఆగస్టులో నీళ్లు 27, 28. మూడు నాలుగు రోజులు పడవ మీదే ఉండి వరసగా దిగేవాడికి 5 ఎం.ఎం. తప్పు కాదు, ఒంట్లో చలి రోజురోజుకీ పేరుకుంటుంది. కానీ పడవ మీద ఎండ 38 దాటుతుంది. నల్ల రబ్బరు మెడదాకా వేసుకుని ఇరవై నిమిషాలు బ్రీఫింగ్ వింటే, నీళ్లలోకి దిగే ముందే వడదెబ్బ. సూట్ నడుము దాకా మాత్రమే లాక్కుని, సూట్ చేతుల్ని నడుము ముందు ముడి వేసుకుని, నీడలో కూర్చోండి. జిప్పు చివర్లో. తలమీద ఒక మగ్గు నీళ్లు. మజ్జిగ దొరకదు కానీ మంచినీళ్లు గంట గంటకీ తాగండి. నీళ్లలో ఒత్తిడికి, చలికి మూత్రం ఎక్కువ పోయి ఒళ్లు ఎండుతుంది.

అడుగున వణుకు మొదలైందంటే డైవ్ అయిపోయినట్టే, ఇంకో ఐదు నిమిషాలు అన్న బేరం లేదు. చలికి చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటే, లోతులో పీల్చిన గాలి నుంచి ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడమూ నెమ్మదిస్తుంది, అది ప్రమాదం. ఓడ లోపలికి దూరడం శిక్షణ ఉన్నవాళ్లకే, అందులోనూ వేళ్లు మొద్దుబారినవాడు తిరుగుదారి చూపే తాడు రీలు పట్టుకోకూడదు.

ఇంటికొచ్చాక మంచినీళ్లలో కడిగి, వెడల్పు హ్యాంగర్‌కి వేసి, నీడలో ఆరబెట్టండి. మన మే ఎండలో మేడ మీద ఆరేస్తే రబ్బరు పెళుసెక్కుతుంది, కారు డిక్కీలో వదిలేస్తే ఇంకా త్వరగా. మడతపెట్టి అటక మీద పడేస్తే మడత దగ్గర ఫోమ్ చచ్చిపోతుంది.

2022 సెప్టెంబరు చివర్లో మళ్లీ ఎడిసన్ వెళ్లాను, మళ్లీ మోహాక్. ఫోన్ చేసి అడిగితే అడుగున 17 అన్నారు. 7 ఎం.ఎం., హుడ్, గ్లవ్స్. ఈసారి ముప్ఫై నిమిషాలు, రేకుల సందులో రెండు పెద్ద లాబ్‌స్టర్లు మీసాలు ఊపడం చూశాను. 7 ఎం.ఎం. సూట్ మాత్రం కొనలేదు, అక్కడే అద్దెకు తీసుకున్నాను. తడవకుండానే మూడు నాలుగు కిలోలు తూగుతుంది, మనకిచ్చేది 23 కిలోల పెట్టె, అందులో అక్కకు ఆవకాయ, కరివేపాకు కారం, సకినాలు పోవాలి. అద్దె సూట్ల సైజు కుదురుతుంది కానీ అద్దె హుడ్ నా తలకు ఎప్పుడూ కుదరదు. అందుకే హుడ్, గ్లవ్స్ నావే తీసుకెళ్తాను. హుడ్ లోపల ఆవకాయ సీసా పెడితే పగలదు, డైవ్ అయ్యాక రెండు రోజులు నా నెత్తి మాత్రం మామిడికాయ వాసన.